సదరు శిరస్సు

ఎక్కడో, ఏదో ఊళ్ళో, ఎవరో ఒక పాఠకుడు గ్రంథాలయంలో వారపత్రిక తిరగేస్తూ, అందులో ఉన్న సినిమా తార బొమ్మని బ్లేడుతో కోసి జేబులో పెట్టుకున్నాడు. ఆ పాఠకుడెవరో, ఆ తారెవరో చరిత్రకెక్కలేదు. కానీ ఆ బ్లేడు గాటు మాత్రం తిన్నగా వెళ్ళి రాజధానిలో గ్రంథాలయ శాఖవారి గుండెల్లో దిగింది. నెల తిరక్కుండా చిత్రచౌర్య నిరోధక ఉత్తర్వు వెలువడింది.

"ఇందుమూలముగా యావన్మంది గ్రంథపాలకులకు తెలియజేయునది ఏమనగా, గ్రంథాలయములందలి సమస్త పుస్తకములలోని సమస్త చిత్రములపై శాఖవారి గుండ్రని ముద్ర వేయవలెను. సదరు ముద్ర చిత్రము అంచున గాక, ప్రధాన భాగముపై, అనగా ముఖముపై, పడవలెను. అంచున వేసినచో దొంగ అంచు వదలి మిగతాది కోసుకొనిపోవు ప్రమాదము కలదు."

నవ్వకండి. ఇందులో లోతైన ఆలోచన ఉంది. పసిబిడ్డకి దిష్టి తగలకుండా తల్లి బుగ్గన చుక్క పెట్టదూ? శాఖవారు బొమ్మలకి దిష్టిచుక్క పెట్టమన్నారు. తల్లి బుగ్గ మీద పెడుతుంది, శాఖ ముక్కు మీద పెడుతుంది. తల్లి చుక్క కందిగింజంత, శాఖ చుక్క గారెంత. తల్లి చుక్క నల్లన, శాఖ చుక్క ఊదా. మిగతా ప్రేమంతా ఒకటే.

సముద్రం పక్కనున్న మా ఊళ్ళో జ్ఞానప్రభ గ్రంథాలయం అని ఒకటుంది. దాని గ్రంథపాలకుడు బొడ్డుపల్లి పానకాలరావు. ఉత్తర్వు వచ్చేదాకా ఆయన చేతిలో ఉన్న పని నిద్ర. ఉత్తర్వు వచ్చాక నిద్ర వదిలి ముద్ర పట్టాడు. పిల్లల పుస్తకాల్లో కుందేళ్ళతో మొదలుపెట్టాడు. కుందేళ్ళయ్యాక పులులు. పులులయ్యాక దేశ నాయకులు. వంటల పుస్తకం దగ్గరకొచ్చేసరికి ధర్మసందేహం వచ్చి నన్ను ఆపాడు.

"ఏవండీ శంభుప్రసాద్ గారూ, మీరు కథలు రాస్తారు గదా. వంకాయకి ముఖం ఎటువైపండీ?"

"తొడిమ వైపు," అన్నాను, నా మానాన నేను పోతూ.

మూడు వంకాయలకీ తొడిమల మీద ముద్ర పడింది. దినపత్రికలకి పొద్దున్నే రాగానే పడేది. గోడ మీద వ్యవస్థాపకుల వారి ఫోటోకి గాజు పలక మీద నుంచే పడింది. చివరికి చేతులు కడుక్కునే చోట అద్దానికి కూడా, మనిషి మొహం కనపడే ఎత్తులో, ఒకటి కొట్టాడు. ఎందుకయ్యా అంటే, "అందులోనూ బొమ్మ కనపడుతుంది గదండీ," అన్నాడు. ఊళ్ళో ముద్ర లేనిది సముద్రం ఒక్కటే అనుకున్నాను గానీ, చూస్తే పేరులో దానికీ ఉంది.

ఇంతవరకూ నాకు సరదాగానే ఉంది. మన మొహం మీద పడనంత కాలం ముద్ర ఎవరికైనా సరదాగానే ఉంటుంది.

నా మిత్రుడు అవసరాల భుజంగరావు పళ్ళ డాక్టరు. సర్కారు పన్ను వేస్తుంది, మావాడు పన్ను తీస్తాడు. ఇద్దరి ముందూ మనం నోరు తెరిచి కూచోవలసిందే. అతనికి పేకాట లేదు, చుట్ట లేదు, రాజకీయం లేదు. ఉన్న వ్యసనమల్లా ఒక్కటే. నాలుగు వందల ఏళ్ళ కిందట ఇంగ్లండులో జరిగిన అంతర్యుద్ధం గురించి పాతకాలంలో అచ్చయిన బొమ్మల పుస్తకాలు సేకరించడం.

"లోకంలో ఇంకేం దొరకలేదుటోయ్ నీకు?" అని అడిగాను ఒకసారి.

"ఏవోయ్ శంభూ, శ్రద్ధగా విను. చార్లెస్ అని ఒక రాజు. పార్లమెంటుని అడక్కుండా జనం మీద పన్ను వేశాడు. పార్లమెంటు తిరగబడింది. జులపాలు పెంచి టోపీలో ఈకలు పెట్టుకున్నవాళ్ళంతా రాజు పక్క. జుట్టు కత్తిరించుకున్న గుండ్రతలలవాళ్ళంతా పార్లమెంటు పక్క. ఏళ్ళ తరబడి నరుక్కుని, ఆఖరికి రాజు తల తీసేశారు. పన్ను దగ్గర మొదలై తల దాకా పోయిన కేసు నాకు తెలిసి అదొక్కటే. పళ్ళ డాక్టర్ని, నాకు ఆసక్తి ఉండదూ?"

వాదనకి తిరుగు లేదు. అతను చూపించిన పుస్తకాలకి అసలే లేదు. తోలు అట్టలు, బంగారు పూత అంచులు, తెరవగానే పాత మందుల బీరువా వాసన. ప్రతి బొమ్మ ముందూ కొత్త పెళ్ళికూతురి మేలిముసుగులా పల్చటి కాగితం. ఆ కాగితాన్ని అతను చూపుడువేలితో ఎత్తే తీరు చూస్తే, రోజంతా పట్టకారు పట్టే చెయ్యి ఇదేనా అనిపిస్తుంది. కాగితం కింద ఉక్కు రేకు మీద గీతలు చెక్కి అచ్చు వేసిన బొమ్మ. గుర్రం మెడ మీద ఒక్కొక్క వెంట్రుకా లెక్కపెట్టచ్చు.

వాటన్నిట్లో అతని ప్రాణం ఒక ఐదు సంపుటాల సెట్టు. దానికి నాలుగో సంపుటం లేదు. పళ్ళ డాక్టరు ఇంట్లో నాలుగో పన్ను ఊడిన సెట్టు!

"మూడో సంపుటం చివర రాజు పట్టుబడతాడోయ్," అనేవాడు. "ఐదో సంపుటం తెరిస్తే, ఆయన కొడుకు ఓడ దిగి సింహాసనం ఎక్కుతూ ఉంటాడు. మధ్యలో ఏం జరిగిందో లోకమంతా ఎరుగును. కానీ నా ఇంట్లో మాత్రం రాజు ఇంకా బతికే ఉన్నాడు. ఇరవై ఏళ్ళుగా ఆయన్ని చంపే పుస్తకం కోసం తిరుగుతున్నాను."

"పోనీ బతకనివ్వండి. ఆయన మిమ్మల్నేం చేశాడు?" అంటూ హైమవతిగారు జంతికల పళ్ళెం తెచ్చి పెట్టేవారు. హైమవతిగారు భుజంగరావు భార్య. ఆమె మనసు వెన్న, జంతికలు ఇనుము. "మీ చెల్లెమ్మ చేతి జంతికలే లేకపోతే నా ప్రాక్టీసు ఎప్పుడో మూతపడేదోయ్" అని మావాడు ఆమె వినకుండా చెప్పేవాడు. ఆమె వినేవారు.

అలా ఉండగా ఒకరోజు గ్రంథాలయం ముందు పానకాలరావు నన్ను చెయ్యూపి పిలిచాడు.

"అయ్యా, మీ డాక్టరుగారు వెతుక్కునే తలకాయ పుస్తకం లాంటిదేదో, పూర్వం పోర్టు దొర ఇచ్చిపోయిన బీరువాలో దొరికిందండి. దానికింకా ముద్ర పడలేదు. ఇవాళ మధ్యాహ్నం మొదలెడతాను."

నేను పరిగెత్తుకుంటూ క్లినిక్కి వెళ్ళి చెప్పాను. భుజంగరావు చేతిలో పట్టకారుతోనే వీధిలోకి ఉరికాడు. కుర్చీలో పడుకున్న మనిషిని నోరు తెరిచి ఉంచమన్నాడేగానీ ముయ్యమని చెప్పినవాళ్ళు లేరు. ఆయన సాయంత్రం దాకా అలాగే ఉన్నాడని తర్వాత తెలిసింది.

అది నాలుగో సంపుటమే. అదే తోలు, అదే బంగారం, అదే వాసన. భుజంగరావు కూచోకుండానే పేజీలు తిప్పాడు. విచారణ వచ్చింది. తీర్పు వచ్చింది. రాజు పిల్లల దగ్గర సెలవు తీసుకోవడం వచ్చింది. ఆ తర్వాత పల్చటి కాగితం ఎత్తేసరికి మా ఇద్దరి తలలూ పుస్తకం మీదికి వంగాయి.

ఎత్తైన వేదిక. చుట్టూ కిక్కిరిసిన జనం. వాళ్ళలో కళ్ళు మూసుకున్న ఆడవాళ్ళు, మెడలు చాచిన మగవాళ్ళు. ముసుగు వేసుకున్న తలారి చేతిలో గొడ్డలి అప్పుడే కిందికి దిగింది. దిమ్మ మీద రాజు మొండెం వాలి ఉంది. లేసు కాలరు చెదరలేదు. తల మాత్రం మెడని వదిలి, చిటికెన వేలంత దూరం జరిగి, ఇంకా నేలని తాకకుండా గాలిలో ఉంది. ఆ ఖాళీ జాగా ఉందే, చిత్రకారుడు అక్కడ ఒక్క గీతా గియ్యలేదు. తెల్లగా వదిలేశాడు. బొమ్మ మొత్తంలో భయం పుట్టించేది ఆ తెలుపే.

"చచ్చాడోయ్," అన్నాడు భుజంగరావు. "ఇరవై ఏళ్ళకి!"

"జరగండి సార్," అన్నాడు పానకాలరావు, ముద్రని సిరా దిండు మీద అద్దుతూ.

భుజంగరావు పుస్తకం మీద పడ్డాడు. అడ్డం పడటం కాదు, నిజంగానే పడ్డాడు. తెల్ల కోటు వీపు మీద ఊదా వలయం ఒకటి చక్కగా అచ్చయింది.

"ఆగవయ్యా! ఇది నూట డెబ్భై ఏళ్ళ నాటి బొమ్మ!"

"రూల్లో వయసు గురించి లేదండి. ముఖం మీద వెయ్యాలనే ఉంది."

నేను కలగజేసుకున్నాను. హాస్యం రాసి బతికేవాడికి ఆపత్సమయంలో తర్కం తప్ప ఆయుధం ఉండదు.

"ప్రధాన భాగం మీద, అనగా ముఖం మీద, అని కదండీ రూలు? మరి ఇక్కడ ముఖం ఒకచోట, మనిషి ఒకచోట ఉన్నారు. ఏది ప్రధానం? తల మీద వేస్తే మొండేనికి రక్షణ లేదు. మొండెం మీద వేస్తే అది ముఖం కాదు. రేపు దొంగ వచ్చి, మీరు ముద్ర వెయ్యని ముక్క కోసుకుపోతే పూచీ ఎవరిది?"

పానకాలరావు చెయ్యి గాలిలోనే ఆగిపోయింది, అచ్చం రాజు తలలాగే. సిరా చుక్క ఒకటి బల్ల మీద పడింది.

"నిజవేనండోయ్. పై వారిని వివరణ అడగాలి," అన్నాడు. అక్కడే కూచుని రాయడం మొదలుపెట్టాడు. "సదరు రాజు యొక్క సదరు శిరస్సు సదరు మొండెము నుండి విడివడి యుండుటచే..."

అలా ఆ బొమ్మ మీద గొడ్డలి దిగినా ముద్ర దిగలేదు. మిగతావాటి మీద దిగింది. విచారణలో న్యాయమూర్తులందరికీ, సెలవు తీసుకుంటున్న పిల్లలకీ, ఒడిలో ఉన్న కుక్కపిల్లకీ. టప్, టప్, టప్. చిత్రహింస అన్న మాటకి అసలు అర్థం నాకు ఆ మధ్యాహ్నమే తెలిసింది.

భుజంగరావు బతిమాలడం మొదలుపెట్టాడు. కావాలంటే బదులుగా బీరువా నిండా కొత్త పుస్తకాలు కొనిస్తానన్నాడు. పానకాలరావు మంచివాడే. మంచివాళ్ళు రూళ్ళు చదవడం మొదలుపెడితేనే అసలు ముప్పు.

"ఒక దారుందండి డాక్టరుగారూ. సంపుటాల్లో కొన్ని లేకపోతే దాన్ని 'అసంపూర్ణ సెట్టు' అంటారు. అసంపూర్ణ సెట్టుని తొలగించి, ఆసక్తి గలవారికి ఇచ్చెయ్యచ్చు. కానీ ఇది అసంపూర్ణమని రుజువు కావాలి. అంటే మిగతా నాలుగూ వేరేచోట ఉన్నాయని చూపించాలి. శుక్రవారం ఉపసంచాలకులు వాచస్పతిగారు తనిఖీకి వస్తున్నారు. పట్టుకొచ్చి చూపించండి. సంతకం పెట్టేస్తారు."

ఇంటికొచ్చి చెబితే హైమవతిగారికి నచ్చలేదు.

"తీసుకెళ్ళకండి. ఆ లోపలికి వెళ్ళినదేదీ శుభ్రంగా బయటికి రావడం లేదు. మొన్న నేను వారపత్రిక కోసం వెళ్తే, ఆ పానకాలరావు నా చీర మీద నెమళ్ళ వంక అదోలా చూశాడు. కొంగు చుట్టుకుని ఒక్క పరుగున వచ్చాను."

"చూపించి తెచ్చేస్తానే. చూస్తే అరిగిపోతాయా?"

ఆమె లోపలికి వెళ్ళారు. తన పట్టుచీర ఒకటి తీసి నాలుగు సంపుటాలనీ చంటిపిల్లల్ని చుట్టినట్టు చుట్టి ఇచ్చారు. "అధికారిగారికి టిఫినుకి" అంటూ ఒక డబ్బా జంతికలు కూడా నా చేతికిచ్చారు.

ఉపసంచాలకులు జమ్మి వాచస్పతిగారు మనిషి పొట్టి, వాక్యం పొడుగు. కారు దిగుతూ ఒక వాక్యం మొదలుపెడితే కుర్చీలో కూచున్నాక క్రియాపదం వచ్చేది. ఆయన ముందు ఐదు సంపుటాలూ వరసగా పేర్చి, భుజంగరావు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఆ ఐదూ ఒకచోట కలిశాయి. మావాడి మొహం చూడాలి అప్పుడు.

"వీటి విషయం ఏమిటి?" అన్నారు వాచస్పతిగారు.

"ఇంగ్లండు అంతర్యుద్ధం అండి. సివిల్ వార్," అన్నాడు పానకాలరావు.

"సివిల్ అయితే కోర్టులో దావా వేసుకోవలసింది. కత్తులెందుకు దూశారు?"

"అప్పటికి కోర్టు ఫీజు ఎక్కువగా ఉండి ఉంటుందండి," అన్నాను. ఆయన గంభీరంగా తలూపారు.

భుజంగరావు మనవి చేసుకున్నాడు. వాచస్పతిగారు ఒక్కొక్క సంపుటమే తీసి వీపు మీది అంకె చూశారు. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు. మళ్ళీ చూశారు. కళ్ళజోడు తీశారు.

"మీ మనవి ప్రకారం సదరు సెట్టు అసంపూర్ణము. కానీ ప్రత్యక్ష తనిఖీలో, ఈ గ్రంథాలయ ప్రాంగణమునందు, నా సమక్షమున, ఐదు సంపుటములూ ఉన్నట్టు స్పష్టముగా కనబడుతున్నది. కావున సెట్టు సంపూర్ణము. సంపూర్ణ సెట్టును విడదీయుట నేరము."

"సార్, అందులో నాలుగు నావి!"

"మీవని నిదర్శనం?"

"వాటి మీద మీ ముద్ర లేదు కదండీ!"

వాచస్పతిగారు ఆ నాలుగూ తెరిచి చూశారు. నిజమే, ఒక్క ముద్రా లేదు. ఆయన మొహం ఎర్రబడింది. మా మీద కాదు, పానకాలరావు మీద.

"ఏమయ్యా! నాలుగు సంపుటముల చిత్రములు ముద్ర లేకుండా నా కంటబడుతున్నాయేమిటి? ఇదేనా ఉత్తర్వు అమలు?"

"పొరపాటైపోయిందండి!" అన్నాడు పానకాలరావు ముద్ర అందుకుంటూ. భయపడ్డవాడి చేతికి వేగం ఎక్కువ. భుజంగరావు నోరు తెరిచేలోగా మొదటి గుర్రపు రౌతు మొహం పోయింది. అక్కడ వాచస్పతిగారు సూత్రం ఒకటి ప్రవచించారు. ప్రజాస్వామ్యంలో రాజుకొక్కడికే ముద్ర వేసి సైనికుణ్ణి వదిలెయ్యడం వివక్ష కాబట్టి, గుంపు ఉన్న చోట తలకొక ముద్ర.

యుద్ధాల పుస్తకం కదా, గుంపులకి కొదవా? ఈకల టోపీలవాళ్ళూ, గుండ్రతలలవాళ్ళూ ఏళ్ళ తరబడి కొట్టుకుని తేల్చుకోలేనిది పానకాలరావు భోజనాల వేళకి తేల్చేశాడు. ఇప్పుడు అందరివీ గుండ్రతలలే. అన్నీ ఊదారంగువే.

భుజంగరావు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. ఒక్కొక్క 'టప్'కీ అతని భుజం అదరడం నేను చూశాను. జోకు ఒకటి నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను. నా జీవితంలో అది అరుదు.

చివరికి ఆ ఒక్క బొమ్మ దగ్గరకొచ్చారు. పానకాలరావు తన వివరణ సంగతి గుర్తు చేశాడు. వాచస్పతిగారు తల వంక చూశారు, మొండెం వంక చూశారు, చాలాసేపు ఆలోచించారు.

"శిరస్సే ప్రధానమంటే మనం రాచరికమును సమర్థించినట్టు. మొండెమే ప్రధానమంటే హింసను సమర్థించినట్టు. రెండింటి మీద వేస్తే రాజులు ఇద్దరని అంగీకరించినట్టు. ఇది విధాన నిర్ణయము. పై స్థాయిలో తేలే వరకు సదరు శిరస్సు పరిశీలనలో ఉండును."

అలా ఐదు సంపుటాల్లో కన్నూముక్కూ ఉన్న రాజు ఒక్కడు మిగిలాడు, అదీ తల తెగినవాడు. మావాడి కళ్ళు ఆ బొమ్మ మీదే ఉన్నాయి. అన్నీ పోయినా ఆ ఒక్కటి దక్కితే చాలన్న చూపది. వాచస్పతిగారు విజయోత్సాహంతో పుస్తకాలు మూయించి, బీరువాలో పెట్టించి, టిఫిను తెమ్మన్నారు.

టిఫిను అంటే హైమవతిగారి జంతికలు.

మొదటి కొరుకు శబ్దం జంతికదనుకున్నాను. కాదు.

సాయంత్రానికి వాచస్పతిగారి కుడి బుగ్గ వాచి, పేరు సార్థకమైంది. ఊళ్ళో పళ్ళ డాక్టరు ఒక్కడే. పానకాలరావు ఆయన్ని చెయ్యి పట్టుకుని క్లినిక్కి నడిపించుకొచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. మావాడికి ధైర్యం చెబుదామని వెళ్ళి, ఏం చెప్పాలో తెలియక పాత పత్రికలు తిరగేస్తున్నాను.

భుజంగరావు చేతులు కడుక్కుని వచ్చాడు. ఉదయం జరిగినదేదీ మొహంలో లేదు. కుర్చీలో పడుకోబెట్టాడు. ఎక్స్-రే తీశాడు. ఫిల్ము కడిగి, ఆరాక, వెలుగుకి పెట్టి చూడబోతూ, లోపల పేషెంటు మూలుగు విని ఒక్క నిమిషం బల్ల మీద పెట్టి వెళ్ళాడు.

టప్!

తిరిగి చూస్తే పానకాలరావు ఫిల్ము మీద సిరా ఆరడానికి ఊదుతున్నాడు. సంచిలో ముద్ర లేకుండా ఆ మనిషి స్నానానికి కూడా వెళ్ళడు.

"ఏం చేశావయ్యా?" అన్నాను.

"చిత్రం గదండీ. పైగా ఉపసంచాలకులవారి ముఖం. ఎవరైనా ఎత్తుకుపోతే?"

"ఎక్కడ వేశావు?"

"ప్రధాన భాగం మీదేనండి. విరిగిన పన్ను మీద."

భుజంగరావు వచ్చి ఫిల్ముని వెలుగుకి పట్టుకుని చూశాడు. నిండు చంద్రుడిలాంటి ఊదా వలయం. చుట్టూ అటు రెండు, ఇటు రెండు ఆరోగ్యమైన పళ్ళు. భుజంగరావు ఫిల్ము దించి, ఎంతో మర్యాదగా, శాఖవారి భాషలోనే మొదలుపెట్టాడు.

"అయ్యా, తమరి సదరు పన్ను ముద్ర కింద భద్రంగా ఉన్నది. ఏ పన్ను అనేది నాకు కనబడుట లేదు. వాపు మూలంగా బయటి నుంచి తెలియుట లేదు. ముద్ర పరిధిలో మూడు పళ్ళు ఉండవచ్చును. గుంపు ఉన్న చోట ఒక్క పన్నునే తీసి మిగతావాటిని వదిలెయ్యడం వివక్ష అని తమరే ఉదయం సెలవిచ్చారు."

వాచస్పతిగారి నోరు తెరిచే ఉంది గానీ వాక్యం రాలేదు. "ఆ... ఆ..." అన్నారు. సర్వీసులో ఆయన ఆడిన అతి చిన్న వాక్యం అదే.

"ఇంకో ఎక్స్-రే తియ్యచ్చుగా?" అన్నాను, నాకు అప్పగించిన పాత్ర అదేనని అర్థమై.

"తియ్యచ్చోయ్. కానీ దాని మీద కూడా ముద్ర పడాలి. ఉత్తర్వులో మినహాయింపు లేదు. మినహాయింపు అనేది ఇవ్వగలిగే అధికారం ఎవరికుందో మరి!"

అధికారం కుర్చీలోంచి చెయ్యి చాచి, వేళ్ళతో కలం అడిగింది. భుజంగరావు చెప్పాడు, ఆయన రాశారు. ఒకటి: పళ్ళ ఎక్స్-రేలకి ముద్ర అక్కర్లేదు. రెండు: సదరు శిరస్సు గల చిత్రమును ముద్ర నుండి శాశ్వతముగా మినహాయించడమైనది. మూడు: ఐదు సంపుటములూ డాక్టరుగారికి ఇచ్చివేయవలెను. కింద సంతకం, తేదీ. మావాడు అప్పుడు కొత్త ఎక్స్-రే తీసి, మందు ఇచ్చి, పూవు కోసినట్టు ఆ ఒక్క పన్నే తీశాడు. నొప్పి తెలియలేదని వాచస్పతిగారు రెండు చేతులూ పట్టుకున్నారు.

మర్నాడు పొద్దున మేం వీధి అరుగు మీద ఎదురుచూస్తూ కూచున్నాం. పానకాలరావు పుస్తకాలు తెస్తానన్న వేళ దాటిపోయింది. మధ్యాహ్నానికి రిక్షాలో పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని పానకాలరావు దిగాడు. మొహం వెలిగిపోతోంది.

"ఆలస్యమైందండి. ముద్రలు చేసేవాడి దగ్గర కూచుని చేయించుకురావలసి వచ్చింది."

"ఏం చేయించావు?" అన్నాడు భుజంగరావు మెల్లగా.

"రేపు నేను బదిలీ అయిపోయి కొత్తవాళ్ళు వస్తారండి. మీ ఇంటికే వచ్చి అడుగుతారు, ఈ బొమ్మకి ముద్ర ఏదీ అని. ఇది మినహాయింపు బొమ్మ అని వాళ్ళకెలా తెలుస్తుంది? అందుకని ప్రత్యేకంగా చేయించానండి. 'ఈ చిత్రమునకు ముద్ర నుండి మినహాయింపు ఇవ్వడమైనది' అని. అక్షరాలు ఎక్కువ కదండీ, కొంచెం పెద్దదైంది."

భుజంగరావు ముందుకొచ్చి పుస్తకాలు అందుకున్నాడు.

"వేశావా?"

"వేశానండి. కానీ మీరు కంగారు పడకండి. మినహాయింపు బొమ్మ గదా, మనుషుల మీద పడకూడదని ఎంత జాగ్రత్త పడ్డానో! రాజుగారి మొహం మీద వెయ్యలేదు. మొండెం మీద వెయ్యలేదు. తలారి మీద, జనం మీద వెయ్యలేదు. బొమ్మంతా వెతికితే మధ్యలో కాస్త తెల్లటి ఖాళీ కనపడింది. అక్కడ వేశాను."

భుజంగరావు నాలుగో సంపుటం ఒళ్ళో పెట్టుకుని, పేజీలు తిప్పి, చూపుడువేలితో పల్చటి కాగితం ఎత్తాడు. నేను భుజం మీద నుంచి వంగి చూశాను.

తలకీ మొండేనికీ నడుమ ఖాళీ లేదు. దాన్నంతా నింపి, రెండంచుల మీదికీ కాస్త ఎక్కి, దళసరి ఊదారంగు మఫ్లరులా ముద్ర చుట్టుకుని ఉంది. రాజు తల మెడకి అతుక్కుంది. దిమ్మ మీద గడ్డం ఆనించి, చలికి మెడ చుట్టూ గుడ్డ కట్టుకుని, కునుకు తీస్తున్న పెద్దమనిషిలా ఉన్నాడు. పక్కన తలారి గొడ్డలి పట్టుకుని, కట్టెలు కొట్టడానికి వచ్చినవాడిలా నిలబడ్డాడు.

పానకాలరావు మెప్పు కోసం ఎదురు చూస్తున్నాడు. భుజంగరావు భుజాలు అదిరాయి. ఏడుస్తున్నాడేమోనని భయపడ్డాను. చూస్తే నవ్వుతున్నాడు. కళ్ళ నీళ్ళు కారేలా, అరుగు అంచు పట్టుకుని.

నవ్వు విని హైమవతిగారు చెయ్యి తుడుచుకుంటూ వచ్చారు.

"ఏమైందండీ? మొత్తానికి చచ్చాడా మీ రాజు?"

భుజంగరావు పల్చటి కాగితాన్ని రాజుగారి మీద దుప్పటిలా జాగ్రత్తగా కప్పాడు.

"లేదు హైమా. మెడ పట్టేసింది, అంతే. ప్రాణానికేం ప్రమాదం లేదు."